అవతలి అద్దం దగ్గర

“ఎడమకి అన్నానా లేదా?”

“ఎవరి ఎడమకి?”

“మీ ఎడమకే. నా ఎడమతో మీకేం పని?”

“నువ్వు అటు నిలబడి నీ ఎడమ చూసుకుని నా ఎడమంటావు. ఈ కడ్డీ ఎవరి మాట వినాలి? మధ్యలో ఆగి ఇద్దరికీ దణ్ణం పెట్టాలా?”

“దణ్ణం తర్వాత పెట్టొచ్చు. ముందు పైకెత్తండి, సీటు కవరు చీరేస్తున్నారు.”

రొట్టెల బండి నడిపే కుర్రాడు తన బండికి మూడడుగుల దూరంలో నిలబడి ఇదంతా విన్నాడు. తాళంచెవి సీటు మీద పడేసి, ఒక ట్రే దించి, వెనక్కి తిరిగేసరికి తలుపు మూసుకుపోయి తాళం పడింది. లోపల ముప్పై ట్రేల రొట్టె, బయట ఏడు దుకాణాల నుంచి ఫోను మీద ఫోను. తాళాలు తీసే మనిషి కావాలని, బండ్లకు సాయం పంపే ఒక కంపెనీకి ఫోను చేస్తే ఈ మొగుడూ పెళ్ళాలు దిగారు. ఆలుమగల గొడవ అద్దం మీద పెసరగింజ అంటారు, నిలవదని. వీళ్లేమో ఆ అద్దానికి అటొకరు ఇటొకరు నిలబడి మరీ నిలబెడుతున్నారు. ఇంటికెళ్లి తేల్చుకోండి, నా బండి నేనే పగలగొట్టుకుంటాను అని అందామని కుర్రాడు నోరు తెరిచాడు.

అప్పుడే లోపల టక్కుమంది. తలుపు తెరుచుకుంది. గొడవ కూడా కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ఆవిడ అద్దం మీద పడిన తన వేలిముద్రలు గుడ్డతో తుడిచింది. ఆయన కడ్డీని గోనెపట్టాలో చుట్టాడు. ఇద్దరి ముఖాల్లోనూ కోపం ఛాయ కూడా లేదు.

కుర్రాడికి ఆ రోజు ఆలస్యమైంది, తిట్లు తిన్నాడు. అయినా మర్నాడు పనైపోయాక తనంతట తానే వాళ్ల దుకాణం వెతుక్కుంటూ వెళ్లాడు. వెళ్లి, ఆవిణ్ణి అక్కా అన్నాడు, ఆయన్ని బావగారూ అన్నాడు. వరస కలపడానికి అతనికి పెద్దగా సమయం పట్టదు. కాలేజీ మూడేళ్లు చదివి నాలుగో ఏట వదిలేసినవాడు, దేని దగ్గరా ఎక్కువసేపు ఉండడు. ఇక్కడ మాత్రం ఉన్నాడు.

దుకాణమంటే రెండు గోడల మధ్య సందు, దానికొక రేకు కప్పు. ఒక గోడకు తాళంచెవులు, ఇంకో గోడకు పనిముట్లు. ఆ పనిముట్లు చూస్తే ఎవరికైనా దొంగల కొంపలా అనిపిస్తుంది. వాటిని ఎలా వాడాలో ఆయన చెప్పగా వింటే డాక్టరు పెట్టెలా అనిపిస్తుంది. తలుపు పై అంచున రంగు గీసుకుపోకుండా ముందు మెత్తటి గుడ్డ. దాని మీద, తలుపును కాస్త సందు చేసేందుకు వెడల్పాటి ప్లాస్టిక్ మేకు. ఆ కాస్త సందులోకి గాలిసంచి. రక్తపోటు చూసేవాళ్లు నొక్కినట్టు బుడ్డి నొక్కుతూ పోతే సంచి ఉబ్బుతుంది, తలుపు చిటికెన వేలంత వెనక్కి జరుగుతుంది. అంతకన్నా జరిగితే వంగుతుంది. ఆ సందులోంచి కొసకు రబ్బరు తొడిగిన పొడుగు కడ్డీ లోపలికి వెళ్లి అవతలి తలుపు మీద బటను నొక్కాలి. మొత్తం విద్య అంతే. చెప్పడానికి నాలుగు ముక్కలు, చెయ్యడానికి కత్తి మీద సాము.

ఆయనకు రెండు నియమాలున్నాయి. డ్రైవరు తలుపు ముట్టుకోడు. పొరపాటున గీత పడితే, బండివాడు రోజూ ఎక్కుతూ దిగుతూ ఆ గీత చూస్తాడు, చూసినప్పుడల్లా తిడతాడు, జీవితాంతం ఆ తిట్లెవరు మోస్తారని ఆయన వాదన. రెండోది, బండి తమదేనని రుజువు లేకుండా తలుపు తీయడు. కాగితాలు లోపలే ఉండిపోతే లోపల ఏమేం సామాన్లున్నాయో చెప్పమంటాడు. ఒకసారి ఒకాయన ముందు అరలో ఏముందో చెప్పలేక నీళ్లు నమిలాడు. ఏముంటుంది, ఎవరిదో గాజు ఉంటుంది అని పక్కనున్న భార్య తడుముకోకుండా చెప్పింది. ఆ తర్వాత తలుపు తీయొద్దని బతిమాలింది ఆయనే.

మూడేళ్ల కిందట ఆయన కళ్లు మసకబారాయి. పూర్తిగా చీకటి కాదు. అంచులు కనిపిస్తాయి, మధ్య భాగం కనిపించదు. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఇక తగ్గదు, పెద్దగా పెరగదు కూడా అన్నాడు డాక్టరు. గుడ్డి కన్నా మెల్ల నయం అంటారు గాని నాకు ఆ మెల్ల కూడా సరిగ్గా దొరకలేదు అని ఆయనే నవ్వుతాడు. ఆవిడ నవ్వదు. అప్పటికి ఆవిడ పద్దెనిమిదేళ్లుగా దర్జీ దుకాణంలో చొక్కాలకు కాజాలు కుడుతోంది. సూది పక్కన పెట్టి ఇటు వచ్చేసింది. చెయ్యి ఆయనది, చూపు ఆవిడది. ఆయన ఇటు తలుపు దగ్గర కడ్డీ పట్టుకుంటే ఆవిడ అటు అద్దానికి ముక్కు ఆనించి దారి చెప్పేది. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికీ కుడి ఎడమలు కుదిరి చస్తాయా? అందుకే ఆ గొడవ. మూడేళ్లలో వాళ్లు నా వైపు, మీ వైపు అని కొత్త లెక్క పెట్టుకున్నారు గాని, తొందరలో పాత ఎడమే నోట్లోంచి ఊడిపడేది.

ఈ సంగతి కంపెనీకి తెలియదు. దారిలో ఆగిన బండ్లకు మనుషుల్ని పంపే కంపెనీ అది. వీళ్లకు వచ్చే పిలుపుల్లో ఐదింట నాలుగు దాని నుంచే. ఆయన పేరున ఒక కార్డు ఇచ్చింది, అది మూడేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. కిందటిసారి చేయించుకున్న కొద్ది రోజులకే చూపు పోయింది. తనిఖీ ఆయన వస్తాడు, ఇరవై నిమిషాలు ఇస్తాడు, ఒక బండి ఒంటరిగా, గీత పడకుండా తెరిచి చూపించాలి. అటు అద్దం దగ్గర ఇంకో మనిషి నిలబడితే ఒప్పుకోడు. గడువు నెల రోజుల్లో ఉంది. కార్డు పోతే ఆ రేకు కప్పు కింద ఇద్దరూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే.

ఆవిడ ఒక రాత్రంతా ఆలోచించి పొద్దున్నే చెప్పింది, కార్డు తన పేరున అడుగుతానని, పరీక్ష తనే ఇస్తానని.  ఆయన లేచి గోడకున్న కడ్డీ తీసి ఆవిడ చేతికిచ్చాడట.

నేర్చుకోవడానికి బండి కావాలి కదా. రొట్టెలు వేసొచ్చాక కుర్రాడు తన బండికి తాళం వేసి, దాన్ని గంటసేపు దుకాణం ముందు వదిలేవాడు. గట్టుమీద కూర్చుని చూసేవాడు. మొదటి వారం చూడలేకపోయాడు. మూడేళ్లుగా కడ్డీ కొస తన వైపు రావడమే చూసిన ఆవిడకి ఇప్పుడు అది తన నుంచి దూరంగా పోతుంటే దిక్కులన్నీ తిరగబడ్డాయి. ముందుకు తోయాల్సిన చోట వెనక్కి లాగేది, స్టీరింగు వైపు పోవాల్సింది సీటు వైపు పోయేది. అద్దంలో చూసుకుంటూ ఇంకొకరి జుట్టు దువ్వినట్టుంది అంది. ఆయన పక్కన నిలబడి చెప్పే మాటలు ఇంకా అడ్డం. చివరికి ఎనిమిదో రోజున ఆయన విసిగి ఒక మాట అనేశాడు.

“నీ వల్ల కాదులే. వదిలెయ్.”

 ఆవిడ కడ్డీకి రబ్బరు తొడుగు సరిచేసి, గోడకు తగిలించి, వెళ్లిపోయింది. రెండు రోజులు దుకాణంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు గాని మాటల్లేవు. ఆ నిశ్శబ్దం చూసి కుర్రాడికి మొదటిసారి భయం వేసింది. గొడవ పడుతున్నంతసేపూ ఆ కాపురం బాగానే ఉందని అతనికి అప్పుడు తెలిసింది.

మూడో రోజు బండి వచ్చి ఆగగానే ఆయనే లేచాడు. చేత్తో తడుముకుంటూ వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని, లోపల్నుంచి తాళం వేసుకున్నాడు. అద్దం కొంచెం దించి అన్నాడు.

“కళ్లు మూసుకుని రా. బటను సంగతి వదిలెయ్. నా వేలెక్కడుందో వెతుకు.”

“వేలికి గుచ్చుకుంటే?”

“రబ్బరేగా. పద్దెనిమిదేళ్లు కాజాలు కుట్టావు, సూది అటుపక్క ఎక్కడ తేలుతుందో చూసి కుట్టావా? గుడ్డ కింద వేలికి తెలిసేది కదా. ఇదీ అంతే. నీ కళ్లు మూడేళ్లు నాకు పనిచేశాయి. వాటికి నా దిక్కులే వచ్చు. వాటిని కాసేపు పడుకోనియ్యి.”

ఆవిడ కళ్లు మూసుకుంది. కడ్డీ లోపలికి వెళ్లింది. సీటు తగిలింది, గేరు తగిలింది, ఆయన మోకాలు తగిలింది. ఆయన అబ్బా అనకుండా వేలు చాపుకుని కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన బండిలో బందీ అయ్యాడు, పెళ్ళాం కడ్డీతో పొడుస్తోంది అని పక్కవీధి దాకా పాకింది కబురు. పావుగంటకు రబ్బరు కొస ఆయన వేలికి తగిలింది. ఆయన వేలితోనే దాన్ని రెండుసార్లు తట్టాడు. ఆ తట్టు కడ్డీ పొడుగునా పాకి ఆవిడ అరచేతికి చేరింది. ఆవిడ కళ్లు మూసుకునే నవ్వింది.

అప్పటినుంచి రోజూ అదే ఆట. ఆయన వేలు ఒకరోజు తలుపు మీద, ఒకరోజు స్టీరింగు కింద, ఒకరోజు అద్దం మూల. ఆవిడకు మెత్త ఏదో గట్టి ఏదో, బోలు ప్లాస్టిక్ ఏదో చేతికి తెలియడం మొదలైంది. గడువు వచ్చేసరికి ఏడు నిమిషాల్లో పట్టేసేది. గొడవలు కూడా మళ్లీ మొదలయ్యాయి, కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు.

తనిఖీ ఆయన మధ్యాహ్నం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. కాగితంలోని పేరు పిలిచాడు. ఆవిడ ముందుకు వచ్చింది. ఇది మగమనిషి పేరు కదమ్మా అన్నాడాయన. ఎదురుగా అడిగాక నిజం నమిలి మింగే అలవాటు ఆవిడకు లేదు.

“ఆ పేరు మా ఆయనది. ఆయనకి చూపు పోయింది, పని పోలేదు. ఆ పని నాకు నేర్పించాడు. పరీక్ష నాకు పెట్టండి, వస్తే కార్డు నా పేరున రాయండి.”

చూపు ఎప్పుడు పోయిందని అడిగాడు. ఆవిడ ఏడాదితో సహా చెప్పేసింది. తనిఖీ ఆయన అటు తిరిగి ఎవరికో ఫోను చేశాడు, చాలాసేపు ఊఁ కొట్టాడు. తిరిగొచ్చి, ఒక్కసారే అవకాశం అన్నాడు. పరీక్ష తప్పితే మూడేళ్లుగా దాచినందుకు ఈ దుకాణం పేరే జాబితాలోంచి కొట్టేస్తామన్నాడు. రొట్టెల బండి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. అది మీకు అలవాటైన బండై ఉంటుంది అంటూ తన కారులో తన తాళంచెవే పడేసి, తలుపు మూసి, గడియారం చూసుకున్నాడు.

ఆవిడ మొగుణ్ణి రోడ్డు అవతల కూర్చోబెట్టారు. దగ్గరుంటే నోరు ఊరుకోదని ఆయనే ఒప్పుకున్నాడు.

గుడ్డ, మేకు, గాలిసంచి దాకా సాఫీగానే జరిగింది. కడ్డీ లోపలికి వెళ్లాక మొదలైంది తంటా. కారు కొత్తది, బటను ఉండాల్సిన చోట లేదు. ఆవిడ అద్దంలోంచి చూస్తూ వెతికింది. చూసినకొద్దీ చెయ్యి పాత దారి పట్టింది, కడ్డీ అటూ ఇటూ ఊగి స్టీరింగు మధ్యలో తన్నింది. హారను వీధంతా మోగింది. రోడ్డు అవతల ఆయన లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. పదకొండు నిమిషాలైంది.

ఆవిడ కడ్డీ సగం వెనక్కి లాగి, కళ్లు మూసుకుంది.

నిద్రొస్తోందా అమ్మా అన్నాడు తనిఖీ ఆయన.  తనిఖీ ఆయన కారు పక్కకు వంగి ఆవిడ ముఖంలోకి చూశాడు, తర్వాత కుర్రాడి వైపు చూశాడు. కుర్రాడు ఆకాశం వైపు చూశాడు. కడ్డీ నెమ్మదిగా కదిలింది. గుడ్డ, గట్టి, గట్టి, బోలు. ఒకచోట ఆగింది. కాస్త వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే ఆనింది. ఆవిడ మణికట్టు గింజంత తిప్పింది.

నాలుగు తలుపులూ ఒక్కసారే టక్కుమన్నాయి. పదిహేడు నిమిషాలు.

తనిఖీ ఆయన టార్చి వేసి తలుపు అంచు వెతికాడు, వేలితో రాశాడు, మోకాళ్ల మీద కూర్చుని కింద నుంచి చూశాడు. తన సొంత కారు కదా, మరీ శ్రద్ధగా వెతికాడు. ఒకచోట తెల్లగా ఏదో కనిపిస్తే ఆవిడ కూడా వంగి చూసింది. అది గుడ్డ నుంచి రాలిన పీచు, ఊదితే పోయింది. అట్ట మీది కాగితంలో పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశాడు. ముందే చెప్పి ఉంటే మూడేళ్లు భయపడే పని ఉండేది కాదు కదమ్మా అన్నాడు. ముందే చెప్పి ఉంటే మీరు నన్ను కారు దగ్గరికి రానిచ్చేవారా అంది ఆవిడ.  తనిఖీ ఆయన సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. తాళంచెవి దూర్చడానికి కన్నమే లేని కొత్త బండ్ల గురించట. వచ్చే ఏడు నుంచి వాటి మీద కూడా పరీక్ష.

రోడ్డు అవతలి నుంచి బావగారిని తీసుకొచ్చింది కుర్రాడే. దారిలో ఆయన అడిగింది ఒక్కటే, హారను మోగినప్పుడు ఎన్ని నిమిషాలైంది అని. పదకొండు అని చెబితే, నేనైతే అక్కడ తొమ్మిదిన్నరకే మోగించేవాణ్ణి అన్నాడు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. దుకాణంలోకి వెళ్లి కడ్డీ అడిగి తీసుకుని, దాని పొడుగంతా వేళ్లతో తడిమి, ఎక్కడ వంగిందో చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ పుస్తకం తెరిచింది. సన్నటి అక్షరాలు, బాణం గుర్తులు, గీతల మీద గీతలు. రెండు పేజీలు తిప్పి మూసేసింది. బండి తీయబోతున్న కుర్రాణ్ణి చెయ్యెత్తి ఆపి, పుస్తకం అతని చేతిలో పెట్టింది.

“తమ్ముడూ, రోజూ వస్తున్నావు కదా, వచ్చినప్పుడు ఒక రెండు పేజీలు చదివి మన మాటల్లో చెప్పు. నాకొక్కదానికే చెబితే లాభం లేదు. లోపల కూర్చున్న ఆయనకి వినపడేలా చదువు.”