పచ్చి గిటారు

గోడ మాస్టారికి ఒకే ఒక్క పిచ్చి. కళ్లతో చూసి ఏ వస్తువునీ నమ్మరు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, ఎదుటివాణ్ణి గోడ వైపు తిప్పి నిలబెట్టి, రెండింటినీ మోగించి, "ఏది పాతదో చెప్పు" అంటారు. ఎవరేం చెప్పినా గెలిచేది పాతదే. సరిగ్గా చెబితే, "చూశావా, గోడకి తిప్పినా దాని గొప్పతనం దాగలేదు" అంటారు. తప్పుచెప్పి కొత్తదాన్ని చూపిస్తే, "చెవికి బాగున్నదాన్ని పాతదనుకున్నావు. అంటే పాతదే బాగుంటుందని నీ మనసుకి తెలుసన్నమాట" అంటారు. ఈ వాదంలో ఆయన్ని గెలిచినవాడు ఇంతవరకూ లేడు. అసలు పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన గోడ మాస్టారే.

వృత్తి బాస్ గిటారు వాయించడం. మామూలు గిటారుకి ఇది పెద్దన్నయ్య. నాలుగే తీగలు, కానీ లావుపాటివి. పాటకి అడుగున ఉండి బరువంతా మోస్తుంది. మోస్తున్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక్క క్షణం ఆగిందంటే మాత్రం పాటగాడితో సహా అందరూ వెనక్కి తిరిగి చూస్తారు.

మాస్టారి బాస్ ఆయన పెళ్లికి ముందుది. రంగు సగం పోయింది. ఎడమచెయ్యి తిరిగేచోట కర్ర అరిగి నున్నబడింది. దానికి కొన్ననాటి తీగలే ఇప్పటికీ ఉన్నాయి. తీగలు మారిస్తే గొంతు మారిపోతుందని ఆయన భయం. ట్యూబులైటు పక్కన పెడితే అది గుయ్యిమంటుంది. అదేమిటని అడిగితే, "శ్రుతి పెట్టె ఉచితంగా వచ్చింది" అని మురిసిపోతారు. కొత్త బాసులు ఖంగుమని మోగుతాయనీ, వేలు తీగ మీద జారిన చప్పుడు కూడా దాచుకోవనీ ఆయన ఫిర్యాదు. పాత బాస్ అలా కాదట. గుమ్మని లేచి, గుండ్రంగా తిరిగి, పాట కింద చాప పరిచినట్టు కూర్చుంటుందట.

పిచ్చి గిటార్ల దగ్గర ఆగితే గొడవే లేదు. ఒకసారి చెప్పుల దుకాణానికి వెళ్లి, అక్కడి కుర్రాడి చేతికి తన పాత జోడూ, షాపులో కొత్త జోడూ ఇచ్చి, తను గోడ వైపు తిరిగి కూర్చున్నారు. "సైజెంత సార్" అని కుర్రాడు అడిగాడు. "సైజు సంగతి తర్వాత చూద్దాం, ముందు రెండూ వేసుకుని నడువు" అన్నారు మాస్టారు. ఆ కుర్రాడు దుకాణం ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తుంటే, చెప్పులు కొనడానికి వచ్చినవాళ్లు కొనడం మానేసి చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి మాస్టారు తన పాత చెప్పులే తొడుక్కుని, కుర్రాడి నడకలో తాళం బాగుందని మెచ్చుకుని వచ్చేశారు.

ఇంకోసారి జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు మెడలో కొత్త స్టెతస్కోపు, గోడకి పాతది వేలాడుతున్నాయి. మాస్టారు డాక్టర్ని గోడ వైపు తిరగమని, తన గుండెని రెండింటితోనూ వినమన్నారు. ఆ డాక్టరు కూడా పాపం మంచివాడు, తిరిగాడు. రెండూ ఒకేలా ఉన్నాయన్నాడు. గుండె పాతది కాబట్టి ఆ మాత్రం తేడా తెలియకపోవడం సహజమేనని మాస్టారు ఆయన్ని క్షమించి, మందుచీటీ తీసుకుని వచ్చారు.

ఈ కథలకి ఊళ్లో నవ్వనివాడు ఒక్కడే. ఆయన బావమరిది.

అతనూ బాస్ వాయిస్తాడు. అక్కా బావా ఉండే ఇంట్లోనే పైగదిలో ఉంటాడు. బావంటే ప్రాణం. కానీ బావ గిటారుని చూస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది. అక్షరాలా కుళ్లు. దాని అరిగిన మెడని చూసి కుళ్లు, దాని మీద కాఫీ గ్లాసు పెట్టినచోట పడ్డ గుండ్రటి మరకని చూసి కుళ్లు. అతనిది అదే రకం, అదే ఆకారం, కాకపోతే కొత్తది. నిగనిగలాడుతూ ఉంటుంది. ఎవరైనా దాన్ని చూసి, "ఎంత బాగుందండీ, కొత్తదా" అంటే అతనికి చెంప మీద కొట్టినట్టుండేది.

దీనికో కారణం ఉంది. గిటారు కొన్న కొత్తలో ఒక పార్టీలో ఆర్కెస్ట్రాతో వాయిస్తూ, పాట మధ్యలో దారి తప్పాడు. పాడుతున్నావిడ వెనక్కి తిరిగి చూసిన చూపుకి అతని చేతులు మళ్లీ దారికి రాలేదు. ఇంటికొచ్చి, గిటారు అమ్మేస్తానని, కొరియర్ ఆఫీసులో పనికి చేరిపోతానని, తన చేతులు పెట్టెలు మొయ్యడానికే తప్ప దేనికీ పనికిరావని చెప్పాడు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. మాస్టారు మాత్రం కంగారుపడలేదు. మర్నాడు పొద్దున్న గిటారు ఇటూ అటూ తిప్పి చూసి, వెనక్కి తిప్పి వేలితో తట్టి, తేల్చేశారు.

"నీ చేతులకేం కాలేదురా. గిటారు పచ్చిది."

"పచ్చిదంటే?"

"కర్ర ఇంకా పండలేదు. స్వరం లోపలికి దిగలేదు."

"పండాలంటే ఏం చెయ్యాలి బావా?"

"వాయించాలి."

"ఎన్నాళ్లు?"

"పండేదాకా."

అతను కొరియర్ ఆఫీసు మాట మళ్లీ ఎత్తలేదు. తప్పు తనది కాదని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ క్షణం నుంచే పాత గిటారు మీద అసూయ పట్టుకుంది. తన గిటారుని తొందరగా పండించాలని చెయ్యని పని లేదు. పొయ్యి పక్కన పెడితే పొగ తగిలి పాతబడుతుందేమోనని వంటింట్లో పెట్టాడు. అక్క దాని మీద తడిగుడ్డ ఆరేసింది. గరుకు కాగితంతో రుద్దాడు. వడ్రంగిని పిలిచి, ఈ కర్ర ఎప్పటికి పండుతుందని అడిగాడు. "తలుపైతే చెప్పగలనండీ" అని అతను వెళ్లిపోయాడు. ఇక చేసేదేమీలేక రోజూ పొద్దునా సాయంత్రమూ వాయించాడు. వేళ్లు కాయలు కాచాయి. అతను మాత్రం వేళ్ల వంక చూసుకోలేదు, కర్ర వంకే చూశాడు.

ప్రతి ఆదివారం మాస్టారు పరీక్ష పెట్టేవారు. రెండు గిటార్లూ ఆయనే వాయించాలి. చేతులు మారితే పోలిక చెల్లదు. అక్క గోడ వైపు తిరిగి వెల్లుల్లి ఒలుస్తూ కూర్చునేది. పాత గిటారు కాసేపే వాయించేవారు. కొత్తదాన్ని మాత్రం చాలాసేపు వాయించేవారు, లోతుగా పరిశీలించాలి కదా. చివరికి అక్క పని తెమిలిపోతుందని ఏదో ఒకటి చెప్పేసేది. మాస్టారు గిటారు బావమరిది చేతికిస్తూ, "కొంచెం దారికొస్తోంది. ఇంకా పచ్చే" అనేవారు. ఆ ఒక్కమాట మోసుకుని అతను పైగదికి వెళ్లి వారమంతా మళ్లీ వాయించేవాడు.

ఇలా ఉండగా అతను వాయించే ఆర్కెస్ట్రా మూతపడింది. అదే సమయంలో మాస్టారు వెళ్లే రికార్డింగ్ స్టూడియోలో, సీరియల్ పాటలకి ఒక్కరే బాస్ వాయిద్యకారుణ్ణి శాశ్వతంగా పెట్టుకుంటామని రికార్డిస్టు చెప్పాడు. మాస్టారినే ఉండమన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. తమ ఇంట్లో ఇంకొక వాయిద్యకారుడు ఉన్నాడని, అందరూ గోడ వైపు తిరిగి ఇద్దర్నీ విని అప్పుడు తేల్చమని పట్టుబట్టారు. రికార్డిస్టుకి ఆయన సంగతి తెలుసు కాబట్టి సరేనన్నాడు.

బావమరిదికి ఆ కుర్చీ కావాలి. దొరక్కపోతే కొరియర్ ఆఫీసే గతి. పరీక్షన్నా అతనికి భయంలేదు, బావన్నా భయంలేదు. ఆ పాత గిటారంటేనే భయం. ఆరోజు పొద్దున్న సంచులు సర్దుతుంటే, రెండు నల్ల సంచులూ ఒకేలా కనిపించాయి. బావ కాఫీ తాగుతున్నారు. అతని చేతులు అతన్ని అడక్కుండానే పని చేసేశాయి. పాత గిటారు తన సంచిలోకి, కొత్తది బావ సంచిలోకి వెళ్లిపోయాయి.

స్టూడియోలో రికార్డిస్టూ, డ్రమ్స్ వాయించే ఆయనా, కీబోర్డు అమ్మాయీ గోడకి మొహాలు పెట్టి కూర్చున్నారు. మాస్టారు సంచీ జిప్పు తీశారు. లోపల నిగనిగలాడుతూ కొత్త గిటారు. ఆయన తలెత్తి బావమరిది వంక చూశారు. అతనికి భూమి చీలితే బాగుండుననిపించింది. మాస్టారు గిటారు భుజాన వేసుకున్నారు. పట్టీ సన్నటి మనిషికి కుదిర్చింది కావడంతో గిటారు ఆయన పొట్ట మీద నుంచి గడ్డం కిందికి ఎక్కి కూర్చుంది. అలాగే వాయించారు.

ఆ శబ్దం విని బావమరిది నోరు తెరిచాడు. తను రోజూ వాయించే గిటారే అది. గుమ్మని లేస్తోంది, గుండ్రంగా తిరుగుతోంది. ఇన్నాళ్లూ తనతో ఒక్కసారి కూడా ఇలా మాట్లాడలేదు. తన గిటారు మీద తనకే అసూయ కలగడం అతనికదే మొదటిసారి.

తర్వాత అతని వంతు వచ్చింది. ఎంతకాలంగానో కలగన్న పాత గిటారు చేతిలో ఉంది. ఇక అన్నీ అదే చూసుకుంటుందనుకున్నాడు. అది ఏమీ చూసుకోలేదు. తీగలు మొద్దుబారి ఉన్నాయి, గట్టిగా నొక్కితే తప్ప పలకడంలేదు. మీటగానే గుయ్యిమంది. ప్రతి స్వరమూ తనే కష్టపడి తియ్యాల్సి వచ్చింది. గత్యంతరం లేక పాట వింటూ, రోజూ వాయించే పద్ధతిలోనే వాయించుకుపోయాడు. పాట ఎప్పుడు అయిపోయిందో అతనికి తెలియలేదు.

అలవాటు ప్రకారం ఏది పాతదో చెప్పమన్నారు మాస్టారు. మొదటిది పాతదన్నాడు రికార్డిస్టు. కాదు, రెండోదన్నాడు డ్రమ్స్ ఆయన. రెండూ పాతవేననీ, ఎవరో మోసం చేస్తున్నారనీ అంది కీబోర్డు అమ్మాయి. ముగ్గురూ ఇటు తిరిగి, ఎవరి గిటారు ఎవరి దగ్గరుందో చూసి తెల్లబోయారు. బావమరిది నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. మాస్టారు అతనికి ఆ అవకాశం ఇవ్వలేదు.

"నేనే మార్చాను. నా గిటారు వాడి చేతిలో ఎలా పలుకుతుందో చూద్దామని" అన్నారు, గడ్డం కింది గిటారు సర్దుకుంటూ.

కుర్చీ రెండో వంతులో వాయించినవాడికేనన్నాడు రికార్డిస్టు. మాస్టారు వాయిస్తుంటే తను బాస్ వింటూ కూర్చున్నాడట, రెండోవాడు వాయిస్తుంటే పాట విన్నాడట. సీరియల్ పాటకి అదే కావాలన్నాడు. మాస్టారు తనే గెలిచినంత సంబరంగా అందరికీ టీ చెప్పారు.

బావమరిది ఆ టీ అక్కడే వదిలేశాడు. ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకెళ్లి, గిటారు దొంగతనంగా మార్చాననీ, ఇది తన గెలుపు కాదు పాత గిటారు గెలుపనీ, కుర్చీ బావకే ఇచ్చేస్తాననీ అక్కతో చెప్పాడు. అక్క కూర తరగడం ఆపి పకపకా నవ్వింది.

"పాత గిటారుకి అంత సీను లేదురా. నువ్వు కొరియర్ ఆఫీసుకి పోతానన్న మర్నాడు పొద్దున్న, నువ్వు స్నానానికెళ్లినప్పుడు మీ బావ నన్ను గోడకి తిప్పి రెండూ వాయించారు. కొత్తదే బాగుందన్నాను. మొహం మాడిపోయింది. తనకీ అలాగే వినిపించిందన్నారు."

"మరి పచ్చిదని ఎందుకన్నారు?"

"గిటారు మంచిదని తెలిస్తే తప్పు నీ చేతులదని నీకు తెలిసిపోదూ. చేతుల మీద నమ్మకం పోతే మళ్లీ ముట్టుకోడన్నారు. తప్పు కర్ర మీద వేసేద్దాం, కర్ర ఏమీ అనుకోదన్నారు."

అతను అక్కడే పీట మీద కూలబడ్డాడు. రోజూ పొద్దునా సాయంత్రమూ పండింది ఏమిటో ఇప్పటికి అర్థమైంది. కాయలు కాచిన వేళ్లని మొదటిసారి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇంకో సంగతి" అంది అక్క, గొంతు తగ్గించి. "నీ గిటారంటే ఆయనకి ఒకటే కుళ్లు. ఆదివారం పరీక్షలన్నీ ఎందుకనుకున్నావు? కాసేపు దాన్ని వాయించుకోడానికి. అడిగితే పరువు పోతుందని."

సాయంత్రం బావమరిది కొత్త గిటారు తీసుకుని ముందుగదిలోకి వెళ్లాడు. దొంగతనానికి క్షమించమని అడగబోతే, అసలేమీ జరగనట్టే మొహం పెట్టారు మాస్టారు. దాంతో అతనూ మాట మార్చాడు. స్టూడియోకి పాతదే అచ్చొచ్చింది కాబట్టి అది తను తీసుకెళ్తాననీ, కొత్తది ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి కొన్నాళ్లు బావ దగ్గరుంచితే బాగుంటుందనీ చెప్పాడు.

"నాకెందుకురా ఈ కొత్త సరుకు" అన్నారు మాస్టారు. అప్పటికే ఆయన చెయ్యి దాని మెడ మీద ఉంది. "సరే, నీ కోసం తప్పుతుందా. అక్కడ పెట్టు."

అతను పాత గిటారు భుజాన వేసుకుని పైగదికి మెట్లెక్కుతున్నాడు. సగం మెట్లెక్కేసరికి కింద నుంచి కొత్త గిటారు మొదలైంది. మాస్టారు తలుపు కూడా వేసుకోలేదు. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టు, ఖంగుమనే స్వరాలన్నీ వెతికి వెతికి వాయిస్తున్నారు. ఎంత బాగుందంటే, బావమరిదికి మళ్లీ అసూయ భగ్గుమంది. ఇచ్చి నిమిషమైనా కాలేదు, అప్పుడే తిరిగి అడిగెయ్యాలనిపించింది. తనలో తనే నవ్వుకుని, పాత గిటారు ఒళ్లో పెట్టుకుని, ఆ మెట్టు మీదే కూర్చుని పాట అయ్యేదాకా విన్నాడు.