ఫరసాన్ దీవిలో జింకపిల్ల, మూడున్నర ఫెర్రీ

అసలు నేను వెళ్లాల్సింది కెన్యాకు. రెండేళ్లుగా అదే పిచ్చి. జెద్దా నుంచి నైరోబీకి టికెట్ ఎంత, అక్కడ టెంట్ అద్దె ఎంత, ఏ నెలలో సింహాలు బాగా కనిపిస్తాయి, అన్నీ కంఠతా వచ్చేశాయి. కెమెరా కొన్నాను. మూడు వందల ఎం.ఎం. లెన్స్ కొన్నాను. ప్రొద్దుటూరులో ఉన్న మా ఆవిడ రేష్మాకు ఈసారి సెలవులో నిన్నూ తీసుకుపోతానని మాట కూడా ఇచ్చేశాను. తీరా చూస్తే సౌదీలోని జిజాన్‌లో నేను పనిచేసే ప్లాంటులో షట్‌డౌన్ ముందుకు జరిగింది. షట్‌డౌన్ అంటే ప్లాంటు మొత్తం ఆపి మరమ్మతులు చేసే కాలం. ఆ నెలన్నర వారపు సెలవు తప్ప ఎవరికీ ఇంకే సెలవూ ఇవ్వరు. రేష్మా ఫోన్లో నవ్వింది. "సింహాలు యాడికీ పోవులే. నువ్వే యాడికీ పోలేకుండా ఉండావు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఈ ప్రయాణం మొదలైంది.

దారి చూపింది గంగారామన్న. జగిత్యాల దగ్గరి మనిషి, యాభైకి దగ్గరపడ్డాడు. మా దగ్గర ఆయన పని హోల్‌వాచ్. పెద్ద పెద్ద ఇనుప ట్యాంకుల్లోకి వెల్డర్లు, ఫిట్టర్లు దిగి పనిచేస్తుంటే, బయట ఆ రంధ్రం దగ్గరే కూర్చుని లోపలి మనుషుల్ని కనిపెట్టుకుని ఉండాలి. వేరేవాళ్లను దగ్గరికి రానివ్వకూడదు. పన్నెండు గంటల డ్యూటీలో ఇంకో పని లేదు. అందుకే సైట్లో ఆయన్ని అందరూ ఆటపట్టిస్తారు. "కూచుంటే జీతమిచ్చే ఉద్యోగం నీదేనన్నా" అని నేనూ ఎన్నోసార్లు అన్నాను. నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని కదా, నా గొప్ప నాది. ఒకరోజు మెస్‌లో అన్నం తింటూ నా కెన్యా కష్టాలన్నీ ఓపికగా విని, "జింకలు సూడనీకి ఆఫ్రికా దాంక ఎందుకు మస్తాన్ భాయ్? జిజాన్‌ల ఓడెక్కితే ఆడ దీవిల మస్తుగున్నయట. టికెట్టుకు పైసలు గూడ లేవట" అన్నాడు. నువ్వు చూశావా అంటే, "నేనేడ సూస్త? ఎవలన్న పోతే ఎంబడి పోదామని సూస్తున్న" అని నవ్వాడు.

శుక్రవారం మా ఇద్దరికీ సెలవు. శనివారం ఉదయం ఆరింటికి మళ్లీ డ్యూటీ. జిజాన్ రేవు నుంచి ఫరసాన్‌కు మేం వెళ్లినప్పుడు రోజుకు రెండు ఫెర్రీలు, ఉదయం ఏడున్నరకు, మధ్యాహ్నం మూడున్నరకు. అటునుంచి వచ్చేవి కూడా అవే వేళలు. టికెట్ ఉచితమే గానీ ముందుగా బుక్ చేసుకోవాలి, ఒరిజినల్ ఇకామా, అంటే ఇక్కడి నివాస కార్డు, చేతిలో ఉండాలి, గంట ముందే గేటు దగ్గర ఉండాలి. క్యాంపు నుంచి రేవుకు షేర్ టాక్సీలో మనిషికి ముప్పై రియాళ్లు అయింది. సామాను తనిఖీలో నా లెన్స్‌ని నాలుగువైపులా తిప్పి చూశారు. గంగారామన్న సంచిలో చపాతీలు, ఉల్లిగడ్డలు, మామిడికాయ తొక్కు, రెండు పెద్ద నీళ్ల సీసాలు, మడతపెట్టిన ఒక అట్టముక్క ఉన్నాయి. అట్ట ఎందుకన్నా అని అడిగితే, "కూసోనీకి" అన్నాడు. గంటంబావు ప్రయాణం. ఏసీ హాల్లో నిద్రపోకండి, డెక్ మీదికి రండి. నీళ్లు అంత నీలంగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

రేవు బయట అబూ సాలెం అనే పెద్దాయన పికప్ మాట్లాడుకున్నాం, మూడున్నర ఫెర్రీ దాకా రెండొందల యాభై. ఒకప్పుడు చేపల పడవ నడిపాడట. పడవలో పనిచేసిన బంగ్లాదేశీల దగ్గర నేర్చుకున్న హిందీ మాట్లాడతాడు. దీవి అంటే కొబ్బరి చెట్లు ఊహించుకోకండి. ఎటు చూసినా పగడపు రాతి నేల, గరుకుగా, లేత గోధుమ రంగులో. అక్కడక్కడా తుమ్మ చెట్లు గొడుగుల్లా. ఆ రాళ్లలో ఏం బతుకుతుందా అనుకుంటుండగానే, తొమ్మిదిన్నరకు, దూరంగా మూడు జింకలు కనిపించాయి. చిన్నవి, మేకంత ఉంటాయి, కొమ్ములు నిటారుగా. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. లెన్స్‌లో చూస్తే అవి వేలెడంత ఉన్నాయి. "దగ్గరికి పోనీ చాచా" అన్నాను. అబూ సాలెం తల అడ్డంగా ఊపాడు. "సదీక్, మమ్నూ" అన్నాడు. సదీక్ అంటే మిత్రుడు, మమ్నూ అంటే నిషేధం. ఇది రక్షిత ప్రాంతం, వాటి వెంట బండి తోలకూడదు. నేను వింటేగా! ఒక్కసారి, ఒక్క ఫోటో అని ప్రాణం తీశాను. ఆయన మొహమాటపడి బండి దారి దించాడు. అంతే, జింకలు లేచాయి. రెండు గాల్లో తేలినట్టు పోయాయి. మూడోది మాత్రం కాస్త దూరం పరిగెత్తడం, ఆగి వెనక్కి చూడటం, మళ్లీ పరిగెత్తడం. నేను టపటపా నొక్కుతూనే ఉన్నాను.

"ఆపుండ్రి బండి! ఆపుండ్రి!" వెనక నుంచి గంగారామన్న అరుపు. ఆ మనిషి గొంతెత్తగా నేను ఎప్పుడూ వినలేదు. "అది మనల్ని సూస్తలేదు భాయ్. మన ఎనుక ఏమో ఉన్నది, దాన్ని సూస్తున్నది." దిగి చూస్తే, మా చక్రాల జాడకు ఇరవై అడుగుల దూరంలో, తుమ్మ నీడలో, రాయి పక్కన రాయిలా పడుకుని ఉంది పిల్ల. మెడ నేలకు చాపి, చెవులు వెనక్కి అణిచి. కన్ను ఒక్కటే కదులుతోంది. రెండు మూడు రోజుల పిల్ల అయి ఉంటుందన్నాడు అబూ సాలెం. మరో ఇరవై అడుగులు పక్కకు వచ్చి ఉంటే మా బండి దాని మీదుగా పోయేది. 

తల్లి చాలా దూరంలో గట్టు మీద నిలబడి ఉంది. పిల్లను ఎత్తుకుని బండిలో పెట్టుకుందాం, అటవీ శాఖ వాళ్లకు ఇద్దాం, ఎండలో చచ్చిపోతుంది అన్నాను నేను. గంగారామన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "అంటుకోకు. దాని తల్లి సూస్తున్నది." అబూ సాలెం ఇంకో సంగతి చెప్పాడు. శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఊరివాళ్లు పిల్లాపాపలతో ఇటు పిక్నిక్‌కు వస్తారు. ఒక్క బండి ఇలా వచ్చినా తల్లి ఇక తిరిగి రాదు. పిల్లల కంటబడితే ముద్దొస్తుందని ఇంటికి పట్టుకుపోతారు. పట్టుకుపోయినవి ఒక్కటీ బతకలేదట. ఆయన నమాజుకు వెళ్లి రెండింటికల్లా వస్తానన్నాడు. మమ్మల్ని వదిలి వెళ్లిపోయాడు.

గంగారామన్న ఒక రాయి వెనక అట్టముక్క పరిచి కూర్చున్నాడు. నేను ఓపిక లేనివాణ్ని. ఐదు నిమిషాలకోసారి లేచాను. "గమ్మునుంటే ఎట్లన్నా? ఏదో ఒకటి చేద్దాం పా" అంటే, "చేస్తనే ఉన్నం గద" అన్నాడు. గంట గడిచింది. గట్టు మీది తల్లి పది అడుగులు దిగింది, మళ్లీ ఎక్కింది. నేను ప్రయాణంలో ఉన్నాను కాబట్టి జుమాకు వెళ్లకపోయినా ఫరవాలేదు, అక్కడే నమాజు చేసుకుంటానన్నాను. ఆయన లేచి తన అట్టముక్క తీసి నాకు పరిచాడు. తను రాతి మీద కూర్చున్నాడు.

చపాతీలు తింటుంటే అడిగాను, అంటుకోవద్దని అంత గట్టిగా ఎందుకన్నావని. కాసేపు నమిలి చెప్పాడు. "కువైట్ లడాయి అయిపోయినంక నేను ఫస్టు జుబైల్‌కు అచ్చిన. ఇరవై ఏండ్లు నాకు. సముద్రమంత నూనె. ఒడ్డు పొంటి ఆ నల్ల జిడ్డును పారలతోని గోకి సంచులల్ల నింపుడు మా పని. ఓనాడు ఓ నీటికాకి దొరికింది. రెక్కలు అంటుకపోయినయి, ఎగురరాదు. పాపమనిపించింది. నా అంగిల సుట్టి, గుండెకు పట్టుకొని, పక్షులను కడిగే డేరా దాంక నడిచిన. పోయి ఇప్పి సూస్తే సచ్చిపోయింది. ఆడున్నాయన చెప్పిండు, నూనెకు గాదు, నీ భయానికి సచ్చింది అని. నేను పాపమనుకున్న భాయ్. దానికి నేను పులి లెక్క కనవడ్డ."

నేను చేతిలోని చపాతీ కింద పెట్టేశాను. ఆయన మాత్రం నీళ్లు తాగి, తల్లి వైపు చూసి, గాలి ఎటు వీస్తోందో చూసి లేచాడు. "మనం గూడ తప్పుజేస్తున్నం. గాలి మన మీదికెల్లి దానికి పోతున్నది. వాసనకు రాదు. ఇంక దూరం జరగాలె" అన్నాడు. ఇంకా దూరమా! ఇప్పుడున్న చోటి నుంచైతే నా లెన్స్‌కు అందుతుంది. తల్లి వచ్చి పాలిచ్చిందంటే, ఎవరి దగ్గరా లేని ఫోటో. అదే అన్నాను. ఆయన సంచి తీసుకుని గాలికి ఎదురు వైపుగా చుట్టు తిరిగి బండ్లు వచ్చే దారి దగ్గరికి, మూడొందల అడుగులకు పైగా నడిచి కూర్చున్నాడు. నేను నిలబడి పిల్లను చూశాను, కెమెరాను చూశాను. తిట్టుకుంటూ ఆయన వెనకే పోయాను.

రెండింటికి అబూ సాలెం వచ్చాడు. దూరంలోనే ఇంజిన్ ఆపి నడిచి వచ్చాడు, అందుకు ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది. రెండున్నరకు రేవు గేటు మూసేస్తారు, ఇప్పుడే బయలుదేరాలి అన్నాడు. తల్లి ఇంకా రాలేదు. గంగారామన్న కదల్లేదు. "నువ్వు పో భాయ్. నీ డ్యూటీ పోతది. లోపట ఉన్నది ఇంక బయటికి రాలే. నేను లేవద్దు." అన్నా, ఇది ట్యాంకు కాదు, జింకపిల్ల, రేపు ఆరింటికి లేకపోతే ఇద్దరికీ గైర్హాజరు పడుతుంది అని కోప్పడ్డాను. "పడనీ" అన్నాడు. బండి తోలించింది నేను, గైర్హాజరు పడేది ఆయనకు! సిగ్గనిపించింది. నేనూ రాను చాచా అన్నాను. అబూ సాలెం వెళ్లి తన పికప్‌ను దారికి అడ్డంగా పెట్టి వచ్చాడు.

మంచిపనే చేశాడు. రెండు ముప్పావుకు ఒక పెద్ద కారు వచ్చింది, నిండా పిల్లలు. అబూ సాలెం కిటికీలో తలపెట్టి నెమ్మదిగా ఏదో చెప్పాడు. లోపలి పిల్లలంతా ఒక్కసారిగా నోటి మీద వేలు పెట్టుకున్నారు. కారు చప్పుడు లేకుండా వెనక్కి మళ్లింది.

మూడు దాటాక తల్లి దిగింది. పది అడుగులు, ఆగడం, వాసన చూడటం, మళ్లీ పది అడుగులు. మేం ముగ్గురం ఊపిరి బిగపట్టాం. తుమ్మ దగ్గరికి రాగానే రాయిలా ఉన్నది లేచింది, నాలుగు పుల్లల్లాంటి కాళ్లతో. తూలింది. వెళ్లి తల్లి పొట్ట కింద తల పెట్టి కుమ్మింది. తల్లి దాని వీపంతా నాకింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. గంగారామన్న మాత్రం అది తాగినంతసేపూ చూసి, రెండూ గట్టు ఎక్కి అవతలికి దిగేదాకా చూసి, అప్పుడు మోకాళ్లు పట్టుకుని లేచాడు. "ఇగ పోదాం భాయ్. ఆకలైతున్నది" అన్నాడు.

మేం రేవు చేరేసరికి ఫెర్రీ ఎప్పుడో పోయింది. ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి, తప్పు నాది, గంగారామన్నది కాదు అని చెప్పాను. జింక కోసమా అని మూడుసార్లు అడిగాడు పాపం. ఊళ్లో నూట ఇరవైకి గది దొరికింది. అబూ సాలెం చూపించిన చిన్న హోటల్లో కాల్చిన చేప, అన్నం మనిషికి ముప్పై రియాళ్లు. అంత రుచిగా నేను ఈ దేశంలో ఎక్కడా తినలేదు. మర్నాడు ఏడున్నర ఫెర్రీకి వచ్చేశాం. ఇద్దరికీ గైర్హాజరు పడింది.

నా దగ్గర ఉన్నది ఒక్క ఫోటో. ఎండకు గాలి అలలాడుతుండగా, అంత దూరం నుంచి తీసింది. రేష్మాకు పంపితే "ఇందులో జింక యాడుండాది?" అంది. చెట్టు కింద గోధుమరంగు మరక ఉంది చూడు, అందులో సగం తల్లి, సగం పిల్ల అని చెప్పాను.  తర్వాత, "కెన్యా వచ్చే ఏడు పోదాంలే. ఆ అన్నను కూడా రమ్మను" అంది. తరిమి తీసిన నలభై ఫోటోలు చాలా స్పష్టంగా వచ్చాయి, కంట్లో భయంతో సహా. అవన్నీ తుడిచేశాను. గంగారామన్నను కూచుని జీతం తీసుకునేవాడివని నేను ఇప్పుడు అనడం లేదు. ఎవరైనా అంటే గొడవకు పోతున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే మాట. తిరుగు ఫెర్రీని అదే రోజుకు బుక్ చేసుకోకండి, మర్నాటికి పెట్టుకోండి. ఎందుకంటే రాళ్ల మధ్య ఒంటరి పిల్ల ఒకటి కనిపించవచ్చు. దానికి ఎవరూ లేరని మాత్రం అనుకోకండి. వాళ్లమ్మ ఎక్కడో నిలబడి, మీరు ఎప్పుడు వెళ్తారా అని చూస్తూ ఉంటుంది.