కలిపే ఫోను అన్నయ్యది

మొన్న మా మేనల్లుడు అమెరికా నుంచి కుటుంబంలో అందరికీ ఒక లింకు పంపాడు. ఇకమీదట ప్రతి ఆదివారం, ఇక్కడ ఇంగ్లండులో, మా బర్మింగ్‌హామ్‌లో మధ్యాహ్నం రెండయ్యేసరికి, అందరం ఫోన్ తెరమీద మొహాలు చూసుకుంటూ ప్రార్థన చేసుకుందామని, రాజకీయాలు మాత్రం ఎవరూ ఎత్తొద్దని రాశాడు. ఆ చివరి మాట చదివి నవ్వుకున్నాను, మంచి నవ్వేమీ కాదు. ఆ సంగతి వాళ్ళ నాన్నకి, అంటే మా అన్నయ్యకి, ఇరవై ఏళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఫోన్ కార్డు వెనక వెండిరంగు గీకి, అన్ని అంకెలూ నొక్కి, చివర్లో ఒకటి తప్పితే మళ్ళీ మొదలుపెట్టిన తరం మనది కాబట్టి మీకు చెబితే అర్థమవుతుంది. నేను నర్సుగా ఈ ఊరొచ్చిన కొత్తలో, మూడు దేశాల్ని ఒకే లైన్లో కలిపే సౌకర్యం మా కుటుంబంలో అన్నయ్య ఫోనుకే ఉండేది. ముందు గుంటూరులో అమ్మకి చేసి, ఆమెని ఆగమని, తరవాత నాకు చేసి కలిపేవాడు. అమ్మ పాట ఎత్తుకుంటే అది నాకు కాస్త ఆలస్యంగా వచ్చేది, ముగ్గురం మూడు తాళాల్లో పాడేవాళ్ళం. పాటయ్యాక ఒక్కొక్కరం ప్రార్థన అవసరతలు చెప్పేవాళ్ళం, ఎవరి మోకాలి నొప్పో, ఎవరి వీసానో. నేను వాటిని నోటుపుస్తకంలో రాసుకుని, తీరినదాని పక్కన టిక్కు పెట్టేదాన్ని. ఆదివారం పగళ్ళు నా పేరు డ్యూటీల రోటాలో వేయొద్దని వార్డు సిస్టర్‌ని బతిమాలి, అందుకు బదులుగా క్రిస్మస్ రోజున డ్యూటీకి ఒప్పుకునేదాన్ని. ఈ సంగతి అన్నయ్య ఎన్నడూ అడగలేదు, నేనూ మరిచిపోలేదు.

న్యూయార్కులో ఆ రెండు మేడలు కూలిన కొన్నాళ్ళకి, అన్నయ్య ఉండే దక్షిణాది ఊళ్ళో, ఒక దుకాణం ముందు ఎవడో అతని గడ్డం చూసి, మీ దేశానికి పో అని, ఇంకా రాయకూడని మాటలన్నీ అని, కారు అద్దం మీద ఉమ్మేశాడు. అన్నయ్య అది నాకొక్కదానికే చెప్పి, అమ్మకి చెప్పనని మాట తీసుకున్నాడు. మర్నాడే గడ్డం తీసేశాడు. తరవాత కారుకి జెండా స్టిక్కరు వచ్చింది, అద్దం దగ్గర జానెడు సిలువ వేలాడింది, తను పనిచేసే లాబ్‌కి వెళ్ళే దారంతా రేడియోలో రాజకీయాలు మాట్లాడే ఒకాయన గొంతు తోడొచ్చింది. ఆ గొంతు నేను వినలేదు గాని, ఆదివారాల్లో అది అన్నయ్య నోట వినపడేది. సగం దేశం దేవుడి పక్షమట, మిగతా సగం సాతాను పక్షమట. లాబ్‌లో ఎన్నో ఏళ్ళుగా పక్కబల్ల దగ్గర పనిచేసే ఆవిడ అవతలి పార్టీ అని తెలిశాక ఆవిడతో కలిసి భోంచేయడం మానేశానని, అదేదో సంఘంలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పాడు. ఎన్నికల ఏడాది వచ్చేసరికి ప్రార్థనే "ప్రభువా, మా దేశాన్ని ఆ పార్టీ చేతుల్లోంచి తప్పించు" అని మొదలయ్యేది. అమ్మకి ఆ పార్టీ పేరేమిటో, గుర్తేమిటో తెలియకపోయినా ఆమేన్ అనేది. ఒక్కసారి మాత్రం, "ఎవర్రా వాళ్ళు, మన గుంటూరులోనూ ఉన్నారా?" అని అడిగింది.

మా పక్కింట్లో పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక ఆంటీ ఉండేది. నేను డ్యూటీకి వెళితే మా పాపని మూడేళ్ళు చూసుకున్నది ఆవిడే, పాప ఆవిణ్ణి, వాళ్ళ భాషలో అమ్మమ్మని పిలిచినట్టు, నానీ అనేది. ఆవిడకి గుండె ఆపరేషన్ అనగా ముందురోజు ఆదివారమైంది. నా వంతు రాగానే ఆ అవసరత చెప్పాను.

"ఎవరు, ఆ సాయిబులావిడా?" అన్నాడు అన్నయ్య. "వాళ్ళకి వాళ్ళ దేవుడున్నాడులే. ఈ లైన్లో వద్దు."

వార్డులో ఎంత మాట పడ్డా నోరు మెదపని నేను అప్పుడు ఊరుకోలేకపోయాను. "నీ కారు మీద ఉమ్మినవాడు నిన్నూ సాయిబనుకునే ఉమ్మాడు కదన్నయ్యా" అన్నాను.

"ఎవర్రా ఉమ్మింది?" అని అమ్మ అడగడం సగమే వినపడింది. ఆ తరవాత గుయ్యిమని చప్పుడు.

మాట తప్పినదాన్ని నేనే, కాదనను. కాని లైను కోసింది అన్నయ్య. అమ్మతో మాత్రం, చెల్లికి కోపమొచ్చి పెట్టేసిందన్నాడు. నేను కార్డు గీకి అమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెబితే, పెద్దవాడు కదా, నువ్వే సర్దుకోమంది. తరవాతి ఆదివారం తల దువ్వుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, రెండింటికి ఫోను పక్కన కూర్చున్నాను. మోగలేదు. నువ్వే చెయ్యొచ్చుగా అన్నారు మావారు. కలిపేవాడు అన్నయ్యే, కోసినవాడూ అన్నయ్యే, నేనెందుకు చేస్తాను అన్నాను. నాలుగేళ్ళు అదే మాట మీదున్నాను. అవతల వాళ్ళిద్దరే పాడుకున్నారు. రెండువేల ఎనిమిది నాటికి అమ్మకి వినికిడి తగ్గి, ఇక ఫోన్లో పాడలేనంది, దాంతో ఆ ప్రార్థనే ఆగిపోయింది. అదే ఏడాది అక్కడ అవతలి పార్టీ గెలిచింది. ఆ తరవాత అన్నయ్యా నేనూ పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డాం, చివరికి అమ్మ సమాధి దగ్గరా నిలబడ్డాం, బాగున్నావా అంటే బాగున్నాననుకున్నాం.

ఆంటీ ఆపరేషన్ నుంచి తన కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చిన రోజున పుస్తకంలో టిక్కు నేనే పెట్టుకున్నాను. ఆవిడ ఇప్పటికీ పక్కింట్లోనే ఉంది, వాకర్ పట్టుకుని చెత్త బిన్‌లు తనే బయట పెడుతుంది. లింకు సంగతి చెబితే, వెళ్ళమ్మా, అన్న కదా అంది. ఆ రోజు లైన్లో ఏమైందో ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు.

మేనల్లుడి కబురు కింద అన్నయ్య చిన్న ఫోటో ఉంది. గడ్డం మళ్ళీ పెంచాడు, అంతా తెల్లబడింది. అది చూసి నా మనసు కరిగిందని రాస్తే మీకు బాగుంటుంది గాని, కరగలేదు. ఇప్పుడు ఎవరినీ ఎవరూ కలపక్కర్లేదట, ఎవరికి వారే వచ్చి, నచ్చకపోతే ఎవరికి వారే పోవచ్చట. నేను వెళితే ముందుగా ఆ పాత అవసరతే చదువుతాను, టిక్కు పెట్టినదైనా సరే. దానికి అన్నయ్య ఆమేన్ అంటాడో లేదో తెలియదు. అమ్మే ఉంటే, ఎవరి కోసమో తెలియకపోయినా, అనేది.