మా అవ్వ కంప్యూటర్‌లో పెంచిన కూతురు

మా చిన్నప్పుడు... ఆదివారం అన్నాలు కాగానే మా అవ్వ చాప తెచ్చి కంప్యూటర్ ముందు పరిచేది. పడుకోవడానికి కాదు... నేను ఆడే ఆట చూడడానికి.

నాయుడుపేటలో మా మామ ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తూ ఒక పాత కంప్యూటర్‌ను వాకాడులోని మా ఇంటికి పంపించాడు. అందులో ఉన్నది ఒకటే ఆట. ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి మనమే సాకాలి... తిండి, బడి, ఉద్యోగం, పెళ్లి, ముసలితనం... అన్నీ.

అప్పుడు నాది తొమ్మిదో తరగతి. అవ్వ ఊరూరా ఎండుచేపలు అమ్మేది. చదువు రాదు, కానీ తెర మీద ఏం జరుగుతోందో నాకంటే ముందే పసిగట్టేది.

"బిడ్డ ఆకలికి ఏడస్తా ఉంటే ఇల్లు సర్దతా ఉండావేంది మే! ముందు అన్నం పెట్టు."

ఒకరోజు ఆటలో ఆడపిల్ల పుట్టింది. అవ్వ తన పేరే పెట్టమంది... చెంగమ్మ అని. అప్పటి నుంచి ఆ పిల్ల విషయంలో నా మాట చెల్లలేదు. ఒక్కరోజు కూడా బడి మాననివ్వలేదు.

చెంగమ్మ పెద్దదయ్యాక ఒకతను పెళ్లి చేసుకుంటానని వచ్చాడు. నేను సరే అని నొక్కబోతే అవ్వ నా చేయి పట్టుకుంది.

"దాన్నడిగినావా?"

"అది బొమ్మ అవ్వా..."

"నేను బొమ్మను కాదు కదా... నన్నూ ఎవురూ అడగలా. పన్నెండేళ్లకే చేసేసినారు."

వద్దు అని నొక్కాను. చెంగమ్మ డాక్టరయింది.

మరుసటి ఏడు నా పదో తరగతి పూర్తయింది. చదివింది చాలు, సంబంధాలు చూద్దామన్నాడు నాన్న. అవ్వ చేపల గంప దించి కొడుకు ఎదురుగా నిలబడింది.

"బిడ్డ తన నోటితో చెప్పేదాకా ఎవుర్నీ ఇంటికి పిలవబాకరా."

ఆ ఏడే నేను ఇంటర్‌లో చేరాను.

ఆటలో చెంగమ్మ ముసలిదై, కుర్చీలో పుస్తకం చదువుతూనే కన్నుమూసింది. మళ్లీ మొదలుపెడదామా అని అడిగాను. అవ్వ చాప చుట్టేసింది.

"వద్దులే మే... బాగా బతికింది. చాలు."

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా కూతురు ఫోన్‌లో ఇలాంటి ఆటే ఆడుతుంది... చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పక్కనే కూర్చుని ఉంటాను. అందులో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో నాకు తెలియదు.

మీ ఆటలో ఇలా తలదూర్చిన పెద్దవాళ్లు ఉన్నారా? వాళ్లన్న ఒక్క మాటయినా గుర్తుంటే ఇక్కడ రాయండి...