అరవై ఆరేళ్ల వాడికి డెబ్బై ఏళ్ల కార్డు

మా థాయ్‌హాంగ్ కొండల్లో అన్నవాహిక క్యాన్సర్ అని డాక్టర్లు పెట్టిన పేరు ఎవరూ వాడరు. ముద్ద దిగని జబ్బు అంటాం. నా చిన్ననాటి నేస్తం తియెస్వో తండ్రి దానితోనే పోయాడు, మా అమ్మా దానితోనే పోయింది. అయినా మేమిద్దరం రోజూ పొద్దున్నే వాళ్ల గడప దగ్గర గొంతుక్కూర్చుని, పొగలు కక్కే మొక్కజొన్న జావ ఎవరు ముందు ఖాళీ చేస్తారా అని పందెం వేసుకునేవాళ్లం. నంజుకోవడానికి జాడీలో నెలల తరబడి పులిసిన ఆకుకూర. ఆ వేడీ ఆ పులుపే జబ్బు తెస్తాయట, బుద్ధి ఉందా అని ఇప్పుడు డాక్టర్లు అడుగుతున్నారు. లేదు. ఊళ్లో ఎవరికుంది గనక?

బడిలో మా ఇద్దరిదీ ఒకే బల్ల. నాకు చదువు అబ్బి పంతుల్నయ్యాను, వాడికి రాయి అబ్బింది. కాలువ గట్టు రాళ్లు పేర్చినవాడు వాడే, ఊళ్లో సగం గడపలు చెక్కినవాడూ వాడే. పోయినవాళ్ల సమాధి రాళ్ల మీద అక్షరాలు కూడా వాడే చెక్కేవాడు. అక్షరం తప్పుతుందేమోనని ముందు నాతో కాగితం మీద రాయించుకునేవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు.

జన్మలో వాడు ఆడిన అబద్ధం ఒక్కటే, అది త్సాయ్‌ఫెంగ్ కోసం. ఆ రోజుల్లో మగవాడికి పాతికేళ్లు నిండందే పెళ్లి కాగితం ఇచ్చేవాళ్లు కాదు. తియెస్వోకి ఇరవై ఒకటి. ఆమె వాడికన్నా రెండేళ్లు పెద్ద. ఇంకో నాలుగేళ్లంటే ఆమె తండ్రి ఆగేలా లేడు. రిజిస్టరు రాసే గుమాస్తా ఇంటి అరుగు ఊరికే బాగుచేసి పెట్టి, పుట్టిన సంవత్సరంలో ఒక్క అంకె మార్పించుకున్నాడు. యాభై ఐదు యాభై ఒకటయింది. ఊరందరికీ తెలుసు, అందరూ నవ్వుకున్నారు, పెళ్లి భోజనం తిన్నారు. తర్వాత తర్వాత ఆ అంకే వాడి గుర్తింపు కార్డులోకీ ఎక్కింది.

మూడేళ్ల క్రితం ఎండోస్కోపీ బండి మొదటిసారి మా ఊరికొచ్చింది. పట్నం నుంచి డాక్టర్ చియావ్ అనే ఆమె పరిశోధన చేస్తోందట. నోట్లోంచి కెమెరా గొట్టం దించి, గొంతు కింద గోధుమరంగు మందు చల్లుతారు. మంచి పొర రంగు పట్టుకుంటుంది, చెడ్డ మచ్చ పాలిపోయి నిలబడుతుంది. అనుమానమున్న చోట కంప్యూటరే తెర మీద గీత గీసి చూపిస్తుంది. తొందరగా దొరికితే కోత లేకుండా, అదే గొట్టంతో పొర వలిచి తీసేస్తారు. మహిళా సంఘం పెద్దగా త్సాయ్‌ఫెంగ్ ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, తిట్టి మరీ జనాన్ని లాక్కొచ్చింది.

"గొట్టం పోతే నిద్రపోయే జబ్బు లేస్తుందటే" అని ఒక ముసలమ్మ మొరాయిస్తే, "నిద్రపోతోందని నీకెవరు చెప్పారు అత్తా? పద, నడు!" అని చెయ్యి పట్టుకుని వరసలో నిలబెట్టింది.

తియెస్వో నా ముందు నిలబడ్డాడు, రాత్రి నుంచి పస్తు. బల్ల దగ్గరి పిల్ల వాడి కార్డు చూసి తల అడ్డంగా ఊపింది. "డెబ్బై నిండాయి తాతా. అరవై తొమ్మిది వరకే మా పరిశోధన. కావాలంటే జిల్లా ఆసుపత్రికెళ్లి చేయించుకో."

నేను నోరు తెరవబోయాను. వాడు నా కాలు తొక్కాడు.

"ఒరేయ్ పంతులూ, నోరు ముయ్యి" అన్నాడు నవ్వుతూ, గొంతు తగ్గించి. "మనవలు పుట్టాక నా పెళ్లాన్ని పెళ్లికాని పిల్లని చేస్తావా?"

త్సాయ్‌ఫెంగ్ నాలుగడుగుల దూరంలోనే ఉంది. జాబితా పట్టుకుని చూస్తోంది. ఊరందరికీ ముఖం చూపించుకునే మనిషి, పెళ్లి కాగితం దొంగదని పట్నం వాళ్ల ముందు ఎలా ఒప్పుకుంటుంది? తల దించుకుంది. నేనూ ఊరుకున్నాను. ఛీ! ముప్పై ఏళ్లు పిల్లలకి నిజం చెప్పమని బెత్తం పట్టుకున్నవాణ్ని.

"బతికిపోయాన్రా! జావ చల్లారిపోతోంది" అంటూ వాడు ఇంటికి పోయాడు. నేను లోపలికి పోయాను. వాడి వయసే, వాడి జావే, వాడి జాడీ కూరే. నా గొంతు కింద గోరంత మచ్చ దొరికింది. వారంలో వలిచేశారు. నెల తిరిగేసరికి మామూలుగా రొట్టె తిన్నాను. జిల్లా ఆసుపత్రికి పోదాం రారా అని వాడితో రెండుసార్లు అన్నాను. రెండుసార్లే అన్నాను.

కిందటి ఏడాది వసంతంలో ఆవిరి రొట్టె వాడి గొంతులో ఆగింది. పిండి గట్టిగా ఉందని పెళ్లాం మీద నెట్టాడు. నీళ్లు కూడా ఆగేసరికి పట్నం తీసుకెళ్లాం. డాక్టర్ చియావ్ స్వయంగా చూసింది. గొట్టం దిగలేదు.

"రెండేళ్ల ముందు వచ్చి ఉంటే గోరంతే ఉండేదేమో" అంది. "ఎందుకు రాలేదు తాతా?"

"వచ్చానమ్మా" అన్నాడు.

ఇరుకైన చోట దారి మూసుకుపోకుండా తీగల గొట్టం ఒకటి పెట్టి పంపారు. పలచని జావ దిగేది, అదీ చల్లార్చి తాగాలి. గడప దగ్గర గిన్నె పట్టుకుని అది చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాడు. నాకు అక్కడ కూర్చోబుద్ధి అయ్యేది కాదు, కూర్చునేవాణ్ని.

వేసవిలో తన సమాధి రాయి తనే చెక్కుకోవడం మొదలుపెట్టాడు. పేరు అయింది. పుట్టిన సంవత్సరం దగ్గర ఉలి ఆపాడు. చుట్టుపక్కలవాళ్లు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు.

"ఏం చెక్కమంటావే?" అని పెళ్లాన్ని అడిగాడు.

"యాభై ఐదు" అంది త్సాయ్‌ఫెంగ్, అందరికీ వినబడేలా. "నాకన్నా రెండేళ్లు చిన్నవాడు నా మొగుడు. యాభై ఐదే చెక్కు." అక్కడే రాయి పక్కన కూలబడి ఏడ్చింది. "ఆ రోజు ఈ ముక్క నా నోట్లోంచి రాలేదు అన్నయ్యా" అంది నాతో. నా నోట్లోంచి మాత్రం వచ్చిందా చెల్లెమ్మా?

వాడు చెక్కగలిగింది మొదటి మూడు అంకెలే. చివరి ఐదు వాడి కొడుకు చెక్కాడు, కాస్త వంకరగా. కాగితాల మీద మాత్రం డెబ్బై రెండేళ్ల మనిషి పోయినట్టు రాసుకున్నారు.

ఈ శరదృతువులో బండి మళ్లీ వచ్చింది. త్సాయ్‌ఫెంగ్ జాబితా పట్టుకోలేదు, నేనే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నలభై నుంచి అరవై తొమ్మిది దాకా. మా బల్ల మీద చదువుకున్నవాళ్లలో మిగిలింది నేనొక్కణ్నే, నా పేరు రాసుకున్నాను. తియెస్వో ఉండి ఉంటే ఈ ఏడాది కూడా వాడి అసలు వయసు అందులో పట్టేది.