వదినకు చదివిపెట్టిన నవల

రాప్తాడు బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్తూ ఒకరోజు బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడిపోయాను. చేతిలో సుద్దముక్క ఉంది. రాయాల్సిన లెక్క తెలుసు. చెయ్యి పైకి లేవలేదు. గంట కొట్టేదాకా పిల్లలు నా వీపు చూస్తూ కూర్చున్నారు. నాకు బాధ లేదు, భయం లేదు. ఎవరికో జరుగుతున్నట్టుంది. వారం తర్వాత మా అన్న వచ్చి, నా గది ఖాళీ చేయించి, ధర్మవరం ఇంటికి తీసుకొచ్చాడు.

అనంతపురంలో మనసు డాక్టరుకు చూపించింది కూడా అన్నే. డాక్టరు డిప్రెషన్ అని చెప్పి, మాత్రలు రాసి, మధ్యలో ఆపొద్దన్నాడు. ఆ సంగతి అన్నకూ వదినకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాయనకు నీరసమని చెప్పారు. వీధిలో అడిగినవాళ్ళకు వదిన కామెర్లని చెప్పింది. దాంతో పక్కింటి పెద్దమ్మ రోజూ పొద్దున్నే నేల ఉసిరి పసరు మజ్జిగలో కలిపి గ్లాసుతో తెచ్చేది. తాగేవాణ్ణి. ఎందుకు తాగుతున్నానని కూడా అనిపించేది కాదు.

అన్న పగలంతా పట్టుచీరల అంగడిలో ఉండేవాడు. ముందు గదిలో నాయన మగ్గం నేసేవాడు. పక్కన వదిన రాట్నం తిప్పుతూ కండెలకు పట్టుపోగు చుట్టేది. నేను గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం వదిన అట్ట చిరిగిన నవల ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నా చేతులు ఖాళీ ల్యావు. నువ్వు ఊరికే కూసోనుండావు గదా, చదివిపెట్టప్పా."

అది సరదా ప్రేమకథ. నాయిక బస్సు కండక్టరు. ఆమెను చూడటానికే ఒకతను రోజూ తనకు ఏ పనీ లేని ఊరికి టికెట్ తీసుకుంటాడు. ఆమెకు ఒక అన్న ఉన్నాడు, గది దాటి బయటికి రాడు. ఆ మాట చెప్పుకోలేక, తన అన్న దుబాయిలో ఉన్నాడని అతనితో చెప్తుంది. అయితే సెంటు సీసా తెప్పించమంటాడు అతను. ఆమె సంతలో ఒక సీసా కొని, దుబాయి అని తనే కాగితం అంటించి ఇస్తుంది. అక్కడ వదిన ఎంత నవ్విందంటే చేతిలో పోగు తెగిపోయింది. నేను తర్వాతి వాక్యం చదివాను.

"ఏమప్పా, హాజరు పిలిచినట్ల చదువుతాండావు. ఆ పిల్ల సిగ్గుపడతాండాదో టికెట్లు కొడతాండాదో నాకు తెలీడంల్యా."

నాయన వింటున్నాడని అనుకోలేదు. నాలుగో రోజు మగ్గం మీంచి తలెత్తకుండానే అడిగాడు. "వాడు ఈ పొద్దన్నా ఆ పిల్లకు చెప్తాడా లేదా?"

కథ చివరికొచ్చేసరికి ఆ అమ్మాయి తన అన్నను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. తిరిగొచ్చి, ఆ టికెట్ల అతనికి నిజం చెప్పేస్తుంది. మా అన్న దుబాయిలో లేడు, మా ఇంట్లోనే ఉన్నాడు, అతని మనసుకు జబ్బు చేసింది అంటుంది. అది కూడా అదే గొంతుతో చదివాను. మగ్గం ఆగింది.

నాయన నన్ను కాదు, వదినను అడిగాడు. "ఆ పిల్ల అన్నకు వచ్చిండేదే మావోనికీ వచ్చినాదా?"

"అదే మామా."

"మరి నాకు నీరసమనీ, వీధిలో కామెర్లనీ ఏల చెప్పినారు?"

"ఊర్లో ఏమనుకుంటారోనని."

"నాకు గూడా చెప్పకుంటే ఎట్లమ్మా?"

నాయన నా వైపు చూశాడు. ఏదో ఒకటి అనాలని నాకు తెలుసు. వాక్యం మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

"చదువు," అన్నాడు.

మరుసటి రోజు పెద్దమ్మ గ్లాసు పట్టుకుని వస్తే నాయన గడప దగ్గరే అందుకున్నాడు. "వానికి కామెర్లు కాదక్కా. మనసు బాగల్యా. అనంతపురం డాక్టరు మాత్రలిచ్చినాడు, మింగుతాండాడు."

సిగ్గేస్తుందేమోనని ఎదురుచూశాను. ఏమీ అనిపించలేదు. పెద్దమ్మ లోపలికొచ్చి వదిన పక్కన కూర్చుంది. "మా తమ్మునికీ ఇట్లనే ఉండె. అప్పుడు ఎవురికి తెల్సు," అంది. తర్వాత నా చేతిలోది ఏమిటని అడిగింది. వదిన కథంతా చెప్పబోతే ఒప్పుకోలేదు.

"మొదట్నుంచి చదువు కొడుకా."

ఇంకా పదిహేను పేజీలే ఉన్నాయి. "చదువప్పా, నేనూ మర్చిపోయినా," అంది వదిన.

"ఇది అయిపోనీండి ముందు," అన్నాను. గట్టిగానే వచ్చింది. ముగ్గురూ నన్ను చూశారు. గుండెలో వేడిగా ఏదో కదిలింది. అది కోపమని తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఎన్ని నెలలైందో అలాంటిది కదిలి. అంతలోనే అదీ చల్లారింది. వెనక్కి తిప్పి మొదటి పేజీ తెరిచాను.

నవల పూర్తవడానికి ఇంకో పది రోజులు పట్టింది. చివర్లో ఆ అమ్మాయి పెళ్ళిలో ఆమె అన్న పందిరి చివర అరగంట నిలబడి ఇంటికి వెళ్ళిపోతాడు. పెద్దమ్మకు ఆ ముగింపు నచ్చలేదు. "అరగంట నిలబడినాడు గదా," అన్నాడు నాయన.

ఆ తర్వాత డాక్టరు దగ్గరికి ప్రతిసారీ నాయనే నాతో వచ్చాడు. ఏడాదిన్నరకు మాత్రలు ఆపించారు. ఇప్పుడు గోరంట్లలో ఒక బడిలో ఆరో తరగతికి చెప్తున్నాను. అంతా బాగైందని చెప్పలేను. కొన్ని రోజులు పొద్దున లేచేసరికే లోపల ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు ఇంటికి ఫోను చేసి, దాచకుండా ఆ మాటే చెప్తాను. నాయన ఎక్కువ మాట్లాడడు. ఆదివారం రమ్మంటాడు. వెళ్తాను.