కంచుకు చీర కట్టిన మరకతం పాట్టి

విగ్రహం ఒంటిమీద గుడ్డ లేకపోతే ఊరందరికీ అవ్వ అయిన మరకతం పాట్టి సహించదు. అది గుడిలో దేవుడైనా, కుంభకోణం బట్టల కొట్టు అద్దాల వెనుక నిలబెట్టిన బొమ్మైనా ఆవిడకు ఒకటే. ముందు నిర్ఘాంతపోతుంది. తరువాత చేతిసంచిలోంచి బట్ట తీస్తుంది. ఆపైన ఎదుటివాణ్ని నిర్ఘాంతపరుస్తుంది.

ఊరి గుడిలో దొంగలెత్తుకుపోయిన అమ్మవారి ఉత్సవ విగ్రహం దొరికి పోలీసు స్టేషనుకు చేరినప్పుడు, ఊరంతా వెళ్ళి కన్నీళ్ళతో దండం పెట్టింది. పాట్టి మాత్రం ఇన్‌స్పెక్టరును నిలదీసింది.

“దొంగలకు సిగ్గు లేదు, సరే. మీరూ ఇలాగే నిలబెట్టారా, లాకప్పులో మగాళ్ళ ఎదురుగా?”

“అది సాక్ష్యం పాట్టీ. ముట్టుకోకూడదు.”

“సాక్ష్యమైతే మానం ఉండదా?”

అమ్మవారు కోర్టుకు పట్టుపావడాతోనే వెళ్ళింది.

ఆవిడ మేనల్లుడు వైత్తియలింగం ఆ గుడికి మేనేజరు. విగ్రహాల దొంగతనం మీద సినిమా తీస్తానని చెన్నై నుంచి దర్శకుడు కదిరవన్ వచ్చినప్పుడు, అనుమతి పత్రం చేతికిస్తూ, “మా అత్త కనబడితే మీ బొమ్మలు దాచుకోండి,” అని హెచ్చరించాడు. కదిరవన్ నవ్వాడు. మొదటిరోజే, సినిమాలో దొంగ గోతంలో కుక్కవలసిన ఫైబరు శివుడి నడుముకు ఎర్ర తువ్వాలు ప్రత్యక్షమైంది.

“దొంగవెధవ తువ్వాలు కట్టి మరీ ఎత్తుకుపోతాడా పాట్టీ?”

“మంచి తల్లి కన్న దొంగైతే కడతాడు.”

మర్నాడు దొంగ కలలో అమ్మవారు కళ్ళు తెరిచే ఘట్టం. యాళిని అనే కొత్త నటికి కంచురంగు పూసి, భుజాలూ నడుమూ కనబడేలా నగలు తొడిగి మండపంలో నిలబెట్టారు. షాట్ల మధ్య కప్పుకోవడానికి ఆ అమ్మాయి శాలువా అడిగింది.

“రంగు చెరిగిపోతుందమ్మా. కష్టంగా ఉంటే చెప్పు, ఇంకో అమ్మాయిని పిలిపిస్తా,” అన్నాడు కదిరవన్.

మొదటి సినిమా. యాళిని చేతులు దించి మళ్ళీ విగ్రహంలా నిలబడింది. షూటింగుకు కట్టిన తాడు అవతల కుర్రకారు ఫోన్లు పైకెత్తింది. వైత్తియలింగం చూడలేక అనుమతి పత్రంలోకి తల దూర్చాడు. దీన్ని ఆపే నిబంధన అందులో లేదు. ఈ రోజుల్లో నిబంధన లేనిదే సిగ్గు కూడా పుట్టదు కదా.

అప్పుడే పాట్టి తాడు దాటి వచ్చింది. కళ్ళు చిట్లించి చూసి, “అయ్యో, ఈ తల్లికీ అదే గతా,” అంటూ సంచిలోంచి మడతచీర తీసి, ఆ అమ్మాయిని మెడ నుంచి మడమల దాకా చుట్టేసింది. మండపమంతా గొల్లున నవ్వింది. కెమెరామన్ కుర్చీలో కూలబడ్డాడు. రంగంతా చీరకంటింది.

“పాట్టీ,” అంటూ కదిరవన్ పరుగెత్తుకొచ్చాడు. “అది విగ్రహం కాదు. మనిషి. ఆడపిల్ల. ఊపిరి పీలుస్తోంది, కనబడలేదా?”

కనబడకేం? ఆవిడ నిన్ననే దీపం వెలుతురులో సూదికి దారమెక్కించడం వైత్తియలింగం చూశాడు. పాట్టి తొణకకుండా యాళిని భుజం మీద కొంగు సర్దింది.

“నేను ముసలిదాన్ని, బొమ్మనుకుని కప్పాను. మనిషని తెలిసిన నువ్వు కప్పలేదేం నాయనా?”

నవ్వులాగిపోయాయి. ఒక్కొక్క ఫోనే జేబులోకి దిగింది. కదిరవన్ నేల చూస్తూ, “శాలువా తెండ్రా,” అన్నాడు. “రంగు మళ్ళీ పూద్దాం. ఈ అమ్మాయే చేస్తుంది.”

కళ్ళు మాత్రమే తెరవవలసిన కంచు అమ్మవారు పళ్ళన్నీ కనబడేలా నవ్వేసింది.